దాచుకొననక్కరలేని ధైర్యము



మీ యింటినుండి గాని, మీ సంఘమునుండి గాని ఒక బిడ్డ పట్నమునకు చదువుకొనుటకు వెళ్లియున్నాడా? అట్లయిన ఈ మాటలు ముఖ్యముగా మీ కొరకే వ్రాయుచున్నాను. ఆ బిడ్డను బస్సు ఎక్కించునాడు మనమేమి చేయుదుము? బియ్యపు మూట, పచ్చడి సీసా, దుప్పటి సర్ది యిచ్చి, తలమీద చెయ్యి వేసి ప్రార్థించి, దేవుడు నీకు తోడున్నాడు, భయపడకుమని చెప్పి పంపుదుము. ఆ మాట సత్యమే. అయితే దాని అర్థమేమో ఆ బిడ్డకు ఎన్నడైనను విడమరచి చెప్పితిమా? మనకైనను అది చక్కగా తెలియునా? గత వానకాలమందు ఒక యౌవనుడు నన్ను ఈ సంగతియే అడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని.

అతడు మా సంఘపు బిడ్డ. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరము చదువుచున్నాడు. అతని తల్లి నాట్లకు, కలుపులకు కూలికి పోవు స్త్రీ. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, పిల్లగాడు ఫోన్ల సరిగ మాట్లాడుత లేడు. ఒక్కసారి పోయి చూసి రారాదుండ్రి" అని అడిగెను. ఆ గురువారమే నేను బయలుదేరితిని.

తార్నాక మీలో కొందరికి తెలిసియే యుండును. అక్కడ ఆర్టీసీ ఆసుపత్రి యున్నది. 1958లో కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థయు అక్కడనే యున్నది. 2017 నుండి తలమీదుగా మెట్రో రైలు పోవుచున్నది. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలా చోటు. పూర్వము ఇచ్చట ఒక తోటకు తీగకంచె వేసి కాపలా పెట్టిరనియు, అందుచేత ఈ పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. నేడు ఆ తీగయు లేదు, ఆ కాపలావాడును లేడు. ఎవరైనను పోవచ్చును. అయినను పల్లెనుండి వచ్చిన బిడ్డ ఆ కూడలి దాటి విశ్వవిద్యాలయపు దారి పట్టినప్పుడు, కంటికి కనబడని తీగ యొకటి వాని కాళ్లకు తగులుచున్నదని ఆ దినమున నాకు తోచెను.

మేమిద్దరము ఆర్ట్స్ కళాశాల మెట్లమీద కూర్చుంటిమి. 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్థాపించిన ఈ విశ్వవిద్యాలయమునకు ఆ గులాబిరంగు రాతి భవనమే ముఖము వంటిది. ఎర్నెస్ట్ జాస్పర్ అను బెల్జియము దేశస్థుడు దానికి నమూనా గీసెను. 1934లో పునాది పడి, 1939లో ప్రారంభమైనది. దాని ముఖద్వారము క్రింద నిలువబడి తలయెత్తి చూచినవానికి తాను చీమవలె కనబడును. యౌవనుడు చాలసేపు నేల చూచుచు కూర్చుండెను. తరువాత ఇట్లు చెప్పెను:

"అయ్యగారూ, ఒకటి అడుగుత, కోపం చెయ్యొద్దు. విశ్వాసముంటే ధైర్యమొస్తదని మీరు చిన్నప్పటి నుంచి చెప్పిండ్రు. నేను ప్రార్థన చేసుకొనే క్లాసుకు పోయిన. సార్ ఒక ప్రశ్న అడిగిండు. నాకు సగం తెలుసు. లేచి నిలబడ్డ, నోరు ఎండుకపోయింది. ఇంగ్లీషుల ఒక్క మాట రాలేదు. వెనుక ఎవరో నవ్విండ్రు. పదిహేను రోజులైంది, మళ్ల క్లాసుకు పోలేదు. నా గదిల ఉండేటాయన దేవుడే లేడంటడు. ఆయనకున్న ధైర్యం నాకు లేదు. మరి నా విశ్వాసం దేనికి పనికొచ్చినట్టు?"

నా నోటికి పది వచనములు వచ్చినవి. కాని అవన్నియు అతనికి కంఠస్థమే. ఆదివారపు బడిలో నేర్పినది నేనే గదా! తెలిసిన వచనమునే మరల అప్పగించుట ఆకలిగొన్నవానికి ఖాళీ పళ్లెమును తోమి యిచ్చుట వంటిది. కనుక నేను వచనము చెప్పలేదు. ముప్పది యేండ్లుగా ఎవరికిని చెప్పని సంగతి యొకటి చెప్పితిని. అది మీకును చెప్పుచున్నాను.

నేను వేదాంత విద్యార్థినై ఈ నగరములోనే యున్న దినములవి. ఆదివారపు సాయంత్రములయందు తార్నాకలో విద్యార్థుల ప్రార్థన కూటమునకు పోవుచుంటిని. అక్కడివారందరు చక్కని చొక్కాలు తొడిగినవారు, గడగడ ఇంగ్లీషు మాటలాడువారు. ఒకనాడు బస్సు ఆగు చోట వారితో నిలువబడి యుండగా మా తండ్రి బియ్యపు మూట భుజముమీద పెట్టుకొని వచ్చెను. ఆయన దొర పొలములో జీతమున్న మనిషి. పంచె మోకాళ్లకు పైననే యుండెను. నా స్నేహితుడొకడు, "ఎవరు?" అని అడిగెను. "మా ఊరాయన" అంటిని. ఆ మాట మా తండ్రి వినెను. ఏమియు అనలేదు. మూట దించి, రుమాలు దులిపి భుజమున వేసికొని, మరల బస్సు ఎక్కి వెళ్లిపోయెను.

ఆ సంవత్సరమే మాకు గ్రీకు భాష నేర్పుచుండిరి. అపొస్తలుల కార్యముల గ్రంథము నాలుగవ అధ్యాయము చదువుచు, పేతురు యోహానుల ధైర్యమును చూచి యూదుల పెద్దలు ఆశ్చర్యపడిన చోటికి వచ్చితిమి. మన తెలుగు బైబిలులో ధైర్యమని యున్నచోట గ్రీకు మూలములో పార్రేసియా అను మాట యున్నది. దానిని విడదీసిన, అంతయు పలుకుట అని అర్థము. దాచక, నసుగక, ఉన్నదున్నట్లు మాటలాడుట అన్నమాట. పూర్వము ఏథెన్సు పట్టణములో సభయందు అట్లు నిర్భయముగా మాటలాడుట పౌరుని హక్కు. దాసునికి ఆ హక్కు లేదు. ఈ అర్థమంతయు నేను పరీక్షలో వ్రాసి మంచి మార్కులు పొందితిని. నా తండ్రిని నా తండ్రియని పలుకుటకు మాత్రము నాకు ధైర్యము లేకపోయెను.

చదువరీ, ధైర్యమనగా గట్టిగొంతు అని మనము తలంచుచున్నాము. వణకక నిలుచుటయే, అందరికంటె ముందుగా చెయ్యి ఎత్తుటయే ధైర్యమనుకొనుచున్నాము. లేఖనము చెప్పు ధైర్యము అది కాదు. దాచుకొననక్కరలేకపోవుటయే ఆ ధైర్యము. గొంతు వణకినను సత్యము పలుకవచ్చును. గొంతు ఖంగుమని మ్రోగినను లోపల ఒక సంగతి దాచుకొని యుండవచ్చును, ఆనాడు నేను దాచుకొన్నట్లు.

పేతురును చూడుడి. రాత్రి భోజనమైన పిమ్మట అతనికున్నంత నమ్మకము మరి యెవరికిని లేదు. తక్కినవారందరు తొట్రిల్లినను తాను తొట్రిల్లననెను. ఇతరులతో పోల్చుకొని పుట్టిన ధైర్యమది. పోలికతో పుట్టినది పోలికతోనే చచ్చును. కొన్ని గంటలు గడవకముందే, ప్రధాన యాజకుని ముంగిట నిప్పులయొద్ద ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు అది కూలిపోయెను. మరి కొన్ని వారములకే ఆ మనుష్యుడు దేశపు పెద్దల సభయెదుట ఎట్లు నిలువబడగలిగెను? ఈ మధ్య అతడు విద్య నేర్వలేదు. వారి కంటికి అతడింకను చదువులేని పామరుడే. వారి కొలత మారలేదు, అతని కులము మారలేదు, గలిలయ యాస మారలేదు. మారినది ఒక్కటే.

యోహాను సువార్త చివరి అధ్యాయములో దానిని చూడగలము. తిబెరియ సముద్రతీరమున ప్రభువు నిప్పులు చేసి, చేపలు కాల్చి, తన్ను ఎరుగనన్నవానికి భోజనము పెట్టెను. ఆ నిప్పులకు గ్రీకులో వాడిన మాట క్రొత్త నిబంధనయంతటిలో రెండే చోట్ల కనబడుచున్నది: పేతురు బొంకిన చోట ఒకసారి, ప్రభువు అతనికి అన్నము పెట్టిన చోట ఒకసారి. పేతురు ఏ నిప్పులయొద్ద సిగ్గుపడెనో అట్టి నిప్పులయొద్దనే ప్రభువు మూడుమారులు అడిగి, మూడుమారులు పని అప్పగించెను. ఇక పేతురు దాచుకొనుట కేమున్నది? అతని చెడ్డసంగతి తెలిసికొనవలసినవానికి తెలిసియున్నది. తెలిసియే ఆయన ప్రేమించెను. అట్టివానిని సభవారు ఏమి చేయగలరు? వారు బయట పెట్టగల రహస్యమేదియు అతనియొద్ద మిగులలేదు. దానికి పైన పరిశుద్ధాత్మ శక్తియు అతనికి అనుగ్రహింపబడెను.

హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో కృపాసనమునొద్దకు ధైర్యముతో చేరుదమని హెచ్చరించినప్పుడును ఆ మాటయే వాడబడినది. వరుస గమనించుడి. మొదట దేవునియెదుట దాచక నిలుచుట, పిమ్మట మనుష్యులయెదుట. మనము ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదటిది లేకుండ రెండవదానికై ప్రార్థించుచున్నాము. ప్రభువా, నలుగురిలో నన్ను గొప్పగా నిలువబెట్టుమని వేడుకొని, అది జరుగకపోయిన విశ్వాసము చెల్లలేదనుచున్నాము.

ఇక ఆ యౌవనుని ప్రశ్నలో రెండవ భాగమున్నది. దేవుడు లేడనువానికి అంత ధైర్యమెట్లు వచ్చెను? దీనికి తప్పించుకొను జవాబు చెప్పుట తగదు. అవిశ్వాసులలోను ధైర్యవంతులు, సత్యవంతులు ఉన్నారు. చిన్ననాట కడుపునిండ అన్నము, ఇంట పుస్తకములు, తప్పు చెప్పినను కొట్టని తల్లిదండ్రులు గల బిడ్డకు మాట సులువుగా వచ్చును. అవియు దేవుని ఈవులే. ఆయన తన సూర్యుని అందరిమీదను ఉదయింపజేయుచున్నాడు గదా! వానిని చూచి అసూయపడనక్కరలేదు, తక్కువ చేయనక్కరలేదు. మనము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఈవులు లేనివాని మాట ఏమి? ఉన్నవి పోయిననాడు దేనిమీద నిలువవలెను? సువార్త ఆ చోటనే మాటలాడుచున్నది.

మరియొక సంగతి. ఇంగ్లీషు రాకపోవుట పాపము కాదు, విశ్వాసలోపమును కాదు. ఈ విశ్వవిద్యాలయపు చరిత్రయే ఆ మాట చెప్పుచున్నది. పై చదువులు ఇంగ్లీషులోనే చెప్పవలెనని అందరు నమ్మిన కాలములో, ఇది ఉర్దూలో శాస్త్రములన్నియు బోధించుటకు పూనుకొన్నది. పాఠ్యగ్రంథములను ఆ భాషలోనికి తెచ్చుటకై 1917లోనే ఒక అనువాద శాఖను ఏర్పరచిరి. తమ భాషయందు సిగ్గుపడనివారి పని అది. అయితే నిజాము రాజ్యములో అత్యధికులు మాటలాడిన తెలుగుకు ఆ చోటు దొరకలేదు. మన పల్లె బిడ్డ అప్పుడు ఉర్దూ నేర్చి చదువవలసి వచ్చెను. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసిన పిమ్మట బోధన ఇంగ్లీషునకు మారెను. అప్పుడును పరాయి మాటయే. కాబట్టి మీ కుమారుడు నిలువబడి తడబడినయెడల అది వాని బుద్ధిలోపము కాదు. మోయవలసిన బరువు ఒకటి వానికి ఎక్కువగా పడినది. దానికి కావలసినది పశ్చాత్తాపము కాదు, అభ్యాసము. ప్రార్థన అభ్యాసమునకు బదులు కాదు. చెరసాలలోని పౌలు తిమోతికి వ్రాయుచు, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని కోరెను. పరదైసు చూచినవానికే పుస్తకములు కావలసి వచ్చినవి!

ఆర్ట్స్ కళాశాల ప్రారంభమైన ఆ 1939లోనే డోర్నకల్‌లో ఎపిఫనీ కేతీడ్రల్ ప్రతిష్ఠింపబడెను. రెండు కట్టడములలోను ఈ దేశపు హిందూ, ముస్లిము శిల్పరీతులు కలిసి కనబడును. ఒకదానిని రాజు కట్టించెను. రెండవదానిలో కూర్చున్నవారిలో పెక్కుమంది మాల మాదిగ పేటలనుండి వచ్చిన కూలిజనులు. వారి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన 1874లో తిరునెల్వేలి సీమలో ఒక పల్లె పాదిరిగారికి పుట్టిన తమిళుడు. పెద్దవాడైన తరువాత మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చెను. పరాయి భాషలో ఆయనయు తడబడియే యుండును గదా! 1910లో ఎడిన్‌బరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, వెయ్యిమందికి పైగా కూడిన ఆ సభలో ఆయన లేచి నిలువబడెను. మిషనరీల త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనెను. అయితే మాకు మీ దానములే చాలవు, మమ్మును స్నేహితులుగా ఎంచుడని తేటగా అడిగెను. కొందరికి ఆ మాట కష్టముగా తోచెను. అందులో తిట్టు లేదు, మెచ్చుకోలు కొరకు చెప్పిన తీపి లేదు, ఉన్నదున్నట్లు పలుకుట మాత్రమే యున్నది. ఇదే పార్రేసియా. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికను సంఘములో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడెను. ఆ గౌరవము ఆయనను పేదలకు దూరము చేయలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసెను. నిజమైన ధైర్యము మనిషిని ఇతరుల నెత్తిమీద ఎక్కించదు, ఇతరుల ప్రక్కన కూర్చుండబెట్టును.

ఆ సాయంత్రము ఆ యౌవనునితో ఇంతయు చెప్పలేదు. ఇంతమాత్రమే అంటిని: "నాయనా, రేపు క్లాసుకు పో. గొప్పగా మాట్లాడాలని పోవద్దు. తెలిసింది తెలిసినంత చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు. ఆ రెండు మాటలకు ప్రభువు నీ వెనుక నిలబడతాడు." ఇద్దరము ప్రార్థించితిమి. నేను రాత్రి బస్సుకు తిరిగివచ్చితిని.

పది దినముల తరువాత అతడు ఫోను చేసెను. సార్ మరల అడిగిరట. "సగం తెలుసు సార్, మిగతా సగం నేర్చుకొని రేపు చెప్పుత" అని సగము తెలుగులోనే చెప్పెనట. గొంతు వణకెనట. ఎవరో నవ్విరట. మరునాడు నేర్చుకొని చెప్పెనట. మరి యొక సంగతియు చెప్పెను. తన తల్లి కూలికి పోవునని గదిలోనివానికి ఆ రాత్రి మొదటిసారి చెప్పగా, ఆ ధైర్యశాలి కొంతసేపు ఊరకుండి, ఉద్యోగము రాదేమోనని తనకును చాల దినములుగా నిద్రలేదని చెప్పెనట. ఒకడు దాచుట మానిన, రెండవవాడును మానుటకు తలుపు తెరవబడును. మా యౌవనుడు ఆ సంవత్సరము ఒక సబ్జెక్టు తప్పెను. దానిని తల్లికి తానే చెప్పెను. అది నాకు పెద్ద జయముగా తోచెను.

ఇప్పుడు సంఘపు పెద్దలారా, తల్లులారా, మనలను మనము అడుగుకొందము. మన బిడ్డ తప్పినానని చెప్పుటకు మన మందిరములో చోటున్నదా? సాక్ష్యపు కూటములో ఉద్యోగము వచ్చినవానిని ముందుకు పిలుచుచున్నాము. పరీక్ష తప్పినవాడు వెనుక తలుపుదారిన పోవుచున్నాడు. 2019లో ఇంటరు ఫలితములు వచ్చినప్పుడు ప్రాణములు తీసికొన్న బిడ్డలనుగూర్చి మన తెలంగాణమంతయు విని ఏడ్చినది. ఒక కాగితముమీది అంకె తమ విలువను తేల్చివేసినదని వారు తలంచిరి. అది అబద్ధమని ఎవరు చెప్పవలెను? ప్రతి ఆత్మ విలువను సిలువ తేల్చినదని బోధించు మనము గాక మరెవ్వరు? మీ బిడ్డ నిద్రాహారములు మాని, మాట మాని యున్నయెడల గద్దింపకుడి. ప్రక్కన కూర్చుండి వినుడి. అవసరమైన వైద్యునియొద్దకు తోడుకొని పోవుడి. అది విశ్వాసమునకు తక్కువ కాదు.

మరియు పదేండ్ల బిడ్డనుండి మొదలుపెట్టి మందిరములో వాక్యపాఠమును వారిచేత పైకి చదివింపుడి. తప్పు చదివిన నవ్వకుడి. తెలియదన్న బిడ్డను మెచ్చుకొనుడి. విశ్వవిద్యాలయపు గదిలో నిలువబడుటకు మన మందిరమే తొలి మెట్టు కాగలదు.

నా తండ్రి సంగతి చెప్పి ముగించెదను. నాకు గురుపట్టము దొరికిన వారము ఇంటికి పోయి, పశువుల కొట్టమునొద్ద ఆయన పాదములు పట్టుకొని, ఆనాటి మాటకు క్షమింపుమని వేడుకొంటిని. ఆయన నన్ను లేవనెత్తి నవ్వుచు, "తప్పేమున్నదిరా, నేను మీ ఊరాయననే గద" అనెను. కొంతసేపటికి, "ఆ బియ్యం వండుకొని తిన్నవా?" అని అడిగెను. తింటినని చెప్పితిని. ఆయనకు అది చాలెను.

పరలోకమందున్న మన తండ్రియు అట్టివాడే. తన్ను ఎరుగనన్నవానికి అన్నము వడ్డించువాడు. ఆయనయెదుట దాచుకొనుటకేమియు లేనివాడు ఎవరియెదుటనైనను నిలువగలడు. అట్టి ధైర్యమును ఆయన మనకును, మన బిడ్డలకును అనుగ్రహించును గాక. ఆమేన్.